రాత్రి తూకం

నాగుల్ మీరా, మిర్చి యార్డులో కాటా మనిషి.
ముప్పై ఏళ్లు టిక్కీలు తూచిన చేతులు
ఇవాళ మంచం కడ్డీలకు మెత్తటి గుడ్డతో కట్టి ఉన్నాయి,
నోట్లో గొట్టం పీక్కోకుండా.
కట్టింది నేనే.
"ఏమనుకోకు బాబాయ్" అన్నాను కడుతూ.
మత్తులో ఉన్నాడు. అయినా అన్నాను.

గుంటూరు, అరండల్‌పేట, మూడో అంతస్తు.
కిటికీలు తెరుచుకోవు.
ఫిబ్రవరిలో ఈ ఊరి ఘాటుకి అద్దాలు అడ్డమా?
లిఫ్టు తలుపు తీసినప్పుడల్లా
ఎవరి చొక్కా మీదో ఎక్కి లోపలికొస్తుంది.
కోత పడ్డ ఛాతీలు దగ్గుతాయి,
దిండు గుండెకు హత్తుకుని, పళ్లు బిగించి.

డ్యూటీ ఎక్కగానే నాకు అప్పగించినవి:
ఏడు పంపులు, మూడు డ్రెయిన్లు,
పొట్ట మీంచి బయటికొచ్చిన రెండు సన్నటి తీగలు,
ఒక ఉచ్చ సంచి, ఒక మనిషి.
పగటి సిస్టర్ ఈ వరసలోనే చెప్పింది.
పొద్దున నేనూ ఈ వరసలోనే చెప్తాను.
దానికి సిగ్గుపడాలో వద్దో
పన్నెండేళ్లుగా తేలలేదు.

పదింటికి ఎనభై.
పదకొండుకి తొంభై ఐదు.
పన్నెండుకి నూట పది.
సార్‌కి చెప్పాను. చూద్దాం అన్నారు, ఇంకో గంట.
ఒంటిగంటకి నూరు.

కాటా దగ్గర ముల్లు ఊగుతుంటే రాయకూడదట,
నిలబడ్డాకే రాయాలట.
ఇక్కడ ముల్లు నిలబడితే
రాయడానికి ఇంకేమీ మిగలదు.

మెట్ల మీంచి జాన్ బీ ఫోను:
"నీళ్లు అడిగాడా అమ్మా?"
"లేదమ్మా, నిద్రపోతున్నాడు."
నిద్ర అనే అంటాం మేము.

రెండింటికి ప్రిసిల్లా వచ్చింది పరుగున,
ఉద్యోగంలో చేరి పదకొండు రోజులు.
"అక్కా, నెత్తురు ఆగిపోయింది! పది కూడా రాలేదు!"
పరీక్ష పాసైనంత నవ్వు.
నాకు అరికాళ్లు చల్లబడ్డాయి.

నూరు రావలసిన చోట పది వస్తే
అది ఆగడం కాదు తల్లీ, దారి పూడటం.
ఆ నెత్తురు ఎక్కడికీ పోలేదు.
గుండె చుట్టూ చేరి
గుండెనే పిసుకుతోంది.

గొట్టాన్ని వేళ్ల మధ్య పిండాను, గేదె పొదుగు పిండినట్టు.
నల్లటి గడ్డ ఒకటి జారింది, అంతే.
బీపీ ఎనభై రెండు. డెబ్బై నాలుగు.
మెడ నరం తాడులా లేచింది.

"ఎప్పట్నుంచి?" అన్నారు ఫోన్లో సార్.
"ఒంటిగంట తర్వాత చూడలేదు సార్."
నాలుగో బెడ్ దగ్గర ఉన్నాను. ఆమెకి వాంతులు.
ఇద్దరికీ నేనొక్కదాన్నే
అన్న మాట నోటిదాకా వచ్చింది.
మింగేశాను. అప్పుడది పనికిరాదు.
తర్వాత రిజిస్టర్లో రాశాను. అప్పుడూ పనికిరాలేదు.

థియేటర్‌కి టైము లేదు. మంచం మీదే.
కుట్లు కోసి, ఎముక తీగలు తుంచి
తలుపు తెరిచారు.
"లైటు పట్టుకో ప్రిసిల్లా. మొహం తిప్పుకోకు."
తిప్పుకోలేదు. ఏడుస్తూనే సూటిగా పట్టింది.
పుస్తకంలో గుండె ఎర్రగా ఉంటుంది.
ఇది పచ్చటి కొవ్వు కప్పుకుని
ఇరుకులో పడ్డ పిచ్చుకలా కొట్టుకుంటోంది.
గుప్పెడు గడ్డ తీసి ట్రేలో వేశారు సార్.
తొంభై. నూట నాలుగు.
ఎవరూ ఏమీ అనలేదు.
ఎవరి చెప్పులో తడిగా చప్పుడు చేశాయి.

మర్నాటి రాత్రీ నా డ్యూటీయే.
కళ్లు తెరిచాడు. గొట్టం ఇంకా నోట్లోనే.
ఒక చెయ్యి విప్పాను, నా చేతిలో పెట్టుకుని.
దుప్పటి కింద నా వేళ్లు పట్టుకున్నాడు,
రెండు నొక్కి, ఒకటి వదిలి, మళ్లీ మూడు.
పాత బేరగాళ్లు తువ్వాలు కింద
అలా ధర చెప్పుకునేవాళ్లని
జాన్ బీ తర్వాత చెప్పింది.

నాకా లెక్క రాదు.
ఎంత అడిగాడో, ఏం అడిగాడో,
తల మాత్రం ఊపాను.
గంటైంది. లేచి రాశాను:
పదకొండుకి, ముప్పై.